కర్పూరం వాసన వేసే మెట్లు

(భిలాయ్‌లో జరిగిన మన సిబ్బంది కుటుంబాల కలయికలో, పదవీ విరమణ చేసిన హెడ్ క్యాషియర్ ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



మేనేజర్ గారు ఫోన్ చేసి, "సార్, రిటైరయ్యాక ఆరోగ్యం గురించో, పొదుపు గురించో ఒక పావుగంట మాట్లాడండి" అన్నారు. ఆరోగ్యం గురించి డాక్టర్లు చెబుతారు. పొదుపు గురించి మీరే రోజూ కౌంటర్లో కూర్చుని పదిమందికి చెబుతారు. మళ్ళీ నేనెందుకు? అందుకని నాకు కొత్తగా తెలిసిన సంగతి, అదీ నష్టపోయి తెలుసుకున్న సంగతి ఒకటి చెబుతాను. మా ఇంట్లో ఒక పాత హార్మోనియం ఉంది. దాని మెట్ల మీద అతికించిన తెల్లటి బిళ్ళలు పొడిపొడి అయిపోయాయి. వాటిని బాగుచేయించిన కథ ఇది. ఇదొక్క హార్మోనియానికే పనికొచ్చే కథ కాదు. మీ ఇళ్ళలో అటక మీద ఉన్న చాలా వస్తువులకు పనికొస్తుంది.

మా నాన్నగారు 1958లో శ్రీకాకుళం జిల్లా నుంచి ఇక్కడికి వచ్చారు. అప్పటికి ఉక్కు కర్మాగారం ఇంకా కడుతున్నారు. సోవియట్ యూనియన్‌తో ఒప్పందం 1955లో జరిగింది. 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారు మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. మన ఉత్తరాంధ్ర నుంచి ఎంతోమంది అలా రైలెక్కి వచ్చినవాళ్ళే. ఈ హాల్లో కూర్చున్న సగంమందికి తాతో, నాన్నో, మామో అలా వచ్చి ఉంటారు. నాన్న కోక్ ఓవెన్స్‌లో చేరారు. పగలంతా బొగ్గు, వేడి. శనివారం రాత్రి మాత్రం సెక్టార్‌లో భజన. ఊరు వదిలి వచ్చినవాళ్ళకు ఆ భజనే ఊరు.

ఆ భజన కోసం 1962లో నాన్న కలకత్తా వెళ్ళి ఒక పాత హార్మోనియం కొనుక్కొచ్చారు. అప్పటికే అది ఒకరు వాడి అమ్మినది. హౌరా నుంచి రాత్రంతా ఒళ్ళో పెట్టుకుని తెచ్చానని చెప్పేవారు. మొత్తం 39 మెట్లు. 23 తెల్లవి, 16 నల్లవి. నాన్నది రెండో శ్రుతి. ఆ మెట్టు మీద ముప్ఫై ఆరేళ్ళు వేలు పెట్టి పెట్టి, తెల్ల బిళ్ళ మధ్యలో చిన్న గుంట పడింది. చిన్నప్పుడు నేను వెన్నెల్లో కూడా ఆ మెట్టును వేలితో తడిమి కనుక్కునేవాణ్ణి.

ఈ పెట్టె ఎక్కడిది?

హార్మోనియం మనది కాదు. 1840ల్లో ఫ్రాన్సులో పుట్టింది. అక్కడ కుర్చీలో కూర్చుని కాళ్ళతో తొక్కి వాయించేవారు. మన పద్యనాటకాల్లో వాడిన కాలి హార్మోనియాలు మీలో పెద్దవాళ్ళు చూసే ఉంటారు. 1875లో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ గారు దాన్ని నేలమీద కూర్చుని చేత్తో తిత్తి ఊదుకునేలా మార్చారు. ఆ తర్వాత అది మన దేశమంతా పాకింది. 1940లో ఆకాశవాణి దాన్ని నిషేధించింది. గమకం పలకదు, మన శ్రుతులకు ఒదగదు అన్నారు. 1971 వరకూ ఆ నిషేధం నడిచింది. అయినా నాటకాన్నీ, భజననూ, ఖవ్వాలీనీ అది వదల్లేదు. మన పక్కనున్న గనియారిలో పుట్టిన పద్మవిభూషణ్ తీజన్‌బాయి గారి పండవానీ విన్నారు కదా. ఆమె చేతిలో తంబూరా ఉండేది. వెనకాల హార్మోనియం ఉండేది.

లోపలి తిత్తి, ఇత్తడి రీడ్లు, చెక్క పెట్టె, వీటి సంగతి మరమ్మతు చేసేవాళ్ళందరికీ తెలుసు. ఎవరూ పట్టించుకోనిది మెట్టు మీది తెల్ల బిళ్ళ. అది ఏనుగు దంతంలా కనిపిస్తుంది కానీ దంతం కాదు. మా హార్మోనియం మీద ఉన్నది సెల్యులాయిడ్.

నేను చేసిన రెండు తప్పులు

నాన్న 1998లో పోయారు. కర్మకాండలు అయ్యాక హార్మోనియాన్ని భద్రం చేయాలనుకున్నాను. క్యాషియర్ని కదా, భద్రం చేయడంలో నన్ను మించినవాడు లేడని నా నమ్మకం. రెండు వరసల పాలిథిన్ చుట్టాను. గాలి చొరకుండా టేపు వేశాను. లోపల గుప్పెడు కలరా ఉండలు కూడా పడేశాను. అటక ఎక్కించాను. మా తమ్ముడు "అన్నయ్యా, అప్పుడప్పుడూ తీసి వాయిద్దాం" అంటే, "పాడవుతుంది, ముట్టుకోకు" అన్నాను.

2021లో అమ్మకు ఎనభై ఏళ్ళు నిండాయి. "ఆ పెట్టె ఓపాలి తియ్యి బాబూ, వినాలని ఉంది" అంది. దించి, టేపు కోశాను. లోపల్నుంచి ఘాటుగా, పుల్లగా ఒక వాసన, దాని వెనకాల కర్పూరం వాసన వచ్చాయి. తెల్ల మెట్లు పసుపు పచ్చగా మారాయి. కొన్ని బిళ్ళలు అంచుల దగ్గర పైకి లేచి ముడుచుకున్నాయి. ఐదారు మెట్ల మీద పటికబెల్లం నలగ్గొట్టినట్టు చతురస్రాకారపు పగుళ్ళు. దగ్గరలో ఉన్న ఇత్తడి మేకుల మీద ఆకుపచ్చ చిలుము.

ఇక రెండో తప్పు. పసుపు పోగొడదామని మా అమ్మాయి గోళ్ళరంగు తుడుచుకునే సీసా తెచ్చి, దూదితో ఎడమ చివరి మెట్టును రుద్దాను. వెంటనే రాలేదని ఆ దూదిని అలాగే పట్టుకుని, నాన్న మెట్టును కూడా రుద్దాను. రెండు నిమిషాల్లో మొదటి బిళ్ళ జిగురులా సాగింది. నాన్న మెట్టు మీద గుంటకు ఒక అంచు కరిగి, దూది పోగులు దానికి అతుక్కుపోయాయి. ఆ సీసాలో ఉన్నది ఎసిటోన్. సెల్యులాయిడ్‌ను కరిగించే మందు అదే. ముప్ఫై ఆరేళ్ళలో నాన్న వేలు చేసిన గుంటను నేను రెండు నిమిషాల్లో సగం చెరిపేశాను. ఆ రాత్రి నేను అన్నం తినలేదు.

సెల్యులాయిడ్ అంటే ఏమిటి?

మర్నాడు దుర్గ్‌లో వాద్యాలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను. డెబ్బై ఏళ్ళు పైబడ్డాయి. అందరూ ఉస్తాద్‌జీ అంటారు. ఆయన మెట్టు మీద బొటనవేలితో గట్టిగా పది సార్లు రుద్ది వాసన చూశారు. "కర్పూరం. సెల్యులాయిడే" అన్నారు. "దీన్ని ప్లాస్టిక్‌లో చుట్టావా బేటా? ఊపిరాడకుండా చేశావు." ఆయన చెప్పినదీ, తర్వాత నేను చదివి తెలుసుకున్నదీ కలిపి చెబుతాను. పిల్లలూ, ఇది మీ కెమిస్ట్రీ పుస్తకంలోది.

పంతొమ్మిదో శతాబ్దంలో బిలియర్డ్స్ బంతులు, పియానో మెట్లు ఏనుగు దంతంతో చేసేవారు. ఏనుగులు తరిగిపోతున్నాయి, దంతం ధర పెరిగిపోతోంది. అమెరికాలో జాన్ వెస్లీ హయత్ అనే ఆయన దానికి బదులు కనిపెట్టే ప్రయత్నంలో 1870లో సెల్యులాయిడ్‌కు పేటెంట్ తీసుకున్నాడు. పత్తిలో ఉండే సెల్యులోజును నైట్రిక్ ఆమ్లంతో మార్చి, దానికి కర్పూరం కలిపి చేసేది. కర్పూరం లేకపోతే అది పెళుసు. కర్పూరమే దాన్ని మెత్తగా, వంగేలా ఉంచుతుంది. దువ్వెనలు, గాజులు, బొమ్మలు, కళ్ళద్దాల ఫ్రేములు, సినిమా రీళ్ళు, టేబుల్ టెన్నిస్ బంతులు అన్నీ దాంతోనే చేశారు. టేబుల్ టెన్నిస్ వాళ్ళు 2014 నుంచే వేరే ప్లాస్టిక్‌కు మారారు.

పూజలో కర్పూరం బిళ్ళ మూత తీసి పెడితే ఏమవుతుంది? ఎవరూ ముట్టుకోకుండానే తరిగిపోతుంది. సెల్యులాయిడ్‌లోని కర్పూరం కూడా అంతే, ఏళ్ళ తరబడి మెల్లగా ఎగిరిపోతుంది. అది పోయినకొద్దీ బిళ్ళ కుదించుకుపోతుంది, అంచులు లేస్తాయి, పగుళ్ళు వస్తాయి. ఇది మొదటి జబ్బు.

రెండోది ఇంకా చెడ్డది. లోపలున్న నైట్రేటు విడిపోయి నైట్రోజన్ ఆక్సైడ్ వాయువులు వస్తాయి. తేమ తగిలితే అవి ఆమ్లంగా మారతాయి. ఆ ఆమ్లం మిగిలిన సెల్యులాయిడ్‌ను మరింత వేగంగా విడగొడుతుంది. అంటే, వడ్డీ మీద వడ్డీ. చక్రవడ్డీ అసలును ఎలా మింగుతుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

మనం ఉక్కు ఊరి వాళ్ళం, మనకు తెలిసిన జబ్బు తుప్పు. తుప్పు బయటినుంచి వస్తుంది. రంగు వేసి, నూనె రాసి, గాలీ తేమా తగలకుండా కప్పితే ఆగుతుంది. నేను హార్మోనియానికి కూడా ఆ వైద్యమే చేశాను. కానీ సెల్యులాయిడ్ జబ్బు లోపలినుంచి బయటికి వస్తుంది. కప్పితే ఆ వాయువు బయటికి పోలేక అక్కడే తిరిగి తిరిగి దాన్నే తింటుంది. పక్కనున్న ఇత్తడినీ తింటుంది. మేకుల మీద చిలుము అందుకే వచ్చింది. అటక మీద భిలాయ్ మే నెల వేడి దానికి తోడు. కలరా ఉండలైతే కొన్ని రకాల ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తాయట. నేను పెట్టిన మూడు రక్షణలూ మూడు దెబ్బలయ్యాయి.

ఇంకో సంగతి. సెల్యులాయిడ్ భగ్గున మండుతుంది. మంటకు కావలసిన ఆక్సిజన్ దానిలోనే ఉంటుంది కాబట్టి కప్పి ఆర్పడం కష్టం. పాత సినిమా రీళ్ళు ఎన్నో అలా తగలబడ్డాయి, మిగిలినవి ఎన్నో పొడి అయిపోయాయి. 1931లో వచ్చిన మన దేశపు మొదటి టాకీ 'ఆలం ఆరా' ప్రతి ఒక్కటి కూడా ఇప్పుడు దొరకదు. భజనలో హార్మోనియం పక్కనే హారతి పళ్ళెం, అగరొత్తులు పెట్టడం మనకు అలవాటు. దయచేసి రెండు బారల దూరం ఉంచండి.

ఇరవై మూడు ఖాతాల వర్గీకరణ

ఉస్తాద్‌జీ మెట్లన్నీ ఒక్కొక్కటిగా చూసి, సుద్దముక్కతో గుర్తులు పెట్టారు. చూస్తూ ఉంటే నాకు మార్చి నెలాఖరు గుర్తొచ్చింది. మన భాషలోనే చెబుతాను.

స్టాండర్డ్ 9. పసుపు పచ్చబడ్డాయి కానీ గట్టిగా ఉన్నాయి, చెక్కకు అంటుకునే ఉన్నాయి. వీటికి శుభ్రం చేయడం తప్ప ఏమీ వద్దన్నారు. మెత్తటి పొడి బ్రష్షు, తర్వాత బాగా పిండిన తడి గుడ్డకు ఒక్క చుక్క మెత్తటి సబ్బునీళ్ళు, వెంటనే పొడి గుడ్డ. స్పిరిట్ వద్దు, థిన్నర్ వద్దు, పెర్‌ఫ్యూమ్ కూడా వద్దు. పసుపు రంగు పోదు. "వయసు మచ్చ, ఉండనీ" అన్నారు.

సబ్-స్టాండర్డ్ 6. బిళ్ళ బాగానే ఉంది కానీ జిగురు వదిలేసి ఊడింది. పాత జిగురు గీకి, చెక్కను నునుపు చేసి, నీళ్ళతో కలిసే తెల్ల జిగురు పల్చగా రాసి, పైన చదునైన చెక్కముక్క పెట్టి, రబ్బరు బ్యాండ్లు చుట్టి ఒక రాత్రి ఉంచారు. ఘాటు వాసన వచ్చే జిగుర్లు ఎందుకు వాడరని అడిగాను. "వాటిలో మందు బిళ్ళను పీడిస్తుంది. తెల్ల జిగురైతే రేపు ఎవరైనా విప్పాలంటే తడి చేసి విప్పుకోవచ్చు. మరమ్మతంటే తర్వాత వచ్చేవాడికి దారి ఉంచాలి" అన్నారు. మనం లెడ్జర్లో దిద్దుబాటు చేస్తే పాత అంకె కనిపించేలా ఒక్క గీతే గీసేవాళ్ళం కదా. అలాంటిదే ఇదీ.

డౌట్‌ఫుల్ 3. మూలల్లో చీలినవి. వీటిలో నాన్న మెట్టు ఒకటి.

లాస్ 5. చతురస్రాల పగుళ్ళు పడి, కింద పసుపు పొడి రాలుతున్నవి. నేను కరిగించిన మొదటిది కూడా వీటిలోనే. "పగిలినదాన్ని అతికించవచ్చు, కుళ్ళినదాన్ని అతికించలేం. వీటిని ఉంచితే పక్కవాటిని కూడా తింటాయి" అన్నారు ఉస్తాద్‌జీ. వాటిని తీసి, నీళ్ళున్న మూత డబ్బాలో వేసి ఆరుబయట పెట్టారు. వాటి బదులు పాలతెలుపు ఆక్రిలిక్ షీటు కోసి వేశారు. అరం పెట్టి, నాలుగు వందల నంబరు నీటి కాగితం, ఆ తర్వాత ఎనిమిది వందలు, పదిహేను వందలు, చివర్లో ఇత్తడి పాలిష్‌తో మెరుగు. ఆక్రిలిక్‌లో కర్పూరమూ లేదు, ఆమ్లమూ రాదు.

ఇక్కడొక మాట అనుకున్నాం. "మొత్తం 23 కొత్తవి వేసేస్తే ఒకే రంగులో ఉంటాయి, పని తేలిక, చూడ్డానికి బాగుంటుంది. చెప్పు, ఏం చేయమంటావు?" అని అడిగారాయన. తమ్ముడు కొత్తవే వేయిద్దామన్నాడు. వాడన్నదాంట్లో న్యాయముంది. ఇవాళ బాగున్న సెల్యులాయిడ్ రేపు పాడవచ్చు. నేను మాత్రం నాన్న మెట్టు పోతుందని ఒప్పుకోలేకపోయాను. అమ్మను అడిగాం. అమ్మ ఇద్దర్నీ చూసి, "పలుకుతాదేటి, పలకదేటి? అది సూడండి ముందు" అంది. ఆ మాటే తీర్పయింది. పలికే మెట్టును తీయకూడదు, పలకని మెట్టును పట్టుకుని వేలాడకూడదు.

నాన్న మెట్టుకు ఉస్తాద్‌జీ చేసిన వైద్యం చూసి నాకు నోట మాట రాలేదు. ఆయన కూడా ఎసిటోనే తీశారు. నేను దూదితో రుద్దిన మందే అది. కానీ ఆరుబయట కూర్చుని, బీడీ పక్కన పెట్టించి, అన్నిటికన్నా సన్నటి బ్రష్షు కొసతో చీలిక నోట్లో ఒక్క చుక్క తాకించారు. చీలిక దాన్ని తనంతట తానే పీల్చుకుంది. రెండు అంచులూ కొంచెం కరిగి ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. రాత్రంతా కదపలేదు. మూల విరిగినచోట, పాత టేబుల్ టెన్నిస్ బంతి ముక్కను ఎసిటోన్‌లో కరిగించి చేసిన ముద్దతో నింపారు. చీలినది ఆరోగ్యంగా ఉంటేనే ఇది పనిచేస్తుందనీ, పగుళ్ళ పొడి పడినదానిమీద పనిచేయదనీ చెప్పారు. ఇంట్లో చేయకండి. నా సంగతి చూశారుగా.

గుంటను నింపనా అని అడిగారు. వద్దన్నాను. అంటుకున్న దూది పోగుల్ని మాత్రం సూదితో ఏరేశారు. రెండు ఇంకా లోపలే ఉన్నాయి. లోపల రెండు రీడ్లు మార్చాల్సి వచ్చింది. మిగిలినవాటి చిలుము గీకి శ్రుతి సరిచేశారు. అంతా కలిపి కొత్త హార్మోనియం ధరలో సగం కూడా కాలేదు.

ఏ ప్లాస్టిక్‌కు ఏ వైద్యం

ప్లాస్టిక్ అంటే ఒకటి కాదు. మనం కౌంటర్లో ముందు కేవైసీ చూస్తాం. ఇక్కడా అంతే. వేలితో రుద్దితే కర్పూరం వాసన వస్తే సెల్యులాయిడ్. పుల్లటి వెనిగర్ వాసన వస్తే సెల్యులోజ్ ఎసిటేట్, పాత ఫోటో నెగటివ్‌లలోనూ కళ్ళద్దాల్లోనూ ఉంటుంది. దానికీ గాలి ఆడాలి. ఆస్పత్రి వాసనలాంటిది వస్తే బేకలైట్. పాత రేడియో పెట్టెలు, గుండీలు దాంతోనే చేసేవారు. 1907లో లియో బేకలాండ్ కనిపెట్టాడు. దానికి కావలసిన ఫినాల్ బొగ్గు తారులో దొరికేది. నాన్న కోక్ ఓవెన్స్‌లో రోజూ పీల్చిన వాసనకు చుట్టమే. బేకలైట్ గట్టిది. కింద పడేయకుండా, ఎండలో పెట్టకుండా ఉంటే చాలు.

పిల్లల కీబోర్డుల తెల్ల మెట్లు పసుపు పచ్చబడితే అది ఏబీఎస్ ప్లాస్టిక్. వీటిని హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి ఎండలో పెట్టి తెల్లబరచడం ఉంది. తెల్లబడతాయి, నిజమే. కానీ కొన్నేళ్ళకు మళ్ళీ పచ్చబడవచ్చు. చేతులకు గ్లవ్స్ లేకుండా ముట్టుకోకూడదు. సెల్యులాయిడ్ మీద మాత్రం ఆ ప్రయోగం వద్దే వద్దు.

గిటారు, మాండలిన్, వీణ ఉన్నవాళ్ళకు ఒక మాట. మెత్తటి రెక్సిన్, పీవీసీ కవర్లలోని నూనెలాంటి మందు మెల్లగా కారి, వాద్యం మీది పాలిష్‌ను అంటుకుంటుంది. వాద్యానికి నూలు గుడ్డ కవరు కుట్టించండి.

నేను ఇప్పుడేం చేస్తున్నానో చెప్పి ముగిస్తాను. హార్మోనియం అటక దిగింది. లోపలి గోడ పక్కన, ఎండ పడనిచోట, పీట మీద ఉంటుంది. పైన అమ్మ పాత చీరతో కుట్టిన కవరు. వారానికొకసారి తీసి వాయిస్తాం. వాయిస్తే తిత్తి గాలి లోపలంతా తిరుగుతుంది, ఏదైనా మెట్టు అంచు లేస్తే ఆ రోజే తెలుస్తుంది. ఉస్తాద్‌జీ చెప్పినట్టు ఏడాదికోసారి మెట్ల ఫోటో తీసి పెడుతున్నాను. కిందటేడాదికీ ఈ ఏడాదికీ తేడా చూస్తాను. డౌట్‌ఫుల్‌లో ఒకటి లాస్‌లోకి వెళ్ళింది. నాన్నది ఇంకా నిలిచే ఉంది. ఒక రోజు అది కూడా పోతుంది. పోయినప్పుడు తీసి ఆక్రిలిక్ వేయించమని మా అమ్మాయికి చెప్పే ఉంచాను.

శ్రీరామనవమికి అమ్మ పక్కన కూర్చుంది. తమ్ముడు తిత్తి ఊదాడు, నేను రెండో శ్రుతి పట్టాను. వేలి కింద గుంట తగిలింది. ఒక అంచు నునుపుగా, ఒక అంచు గరుగ్గా. అమ్మ కాసేపు విని, "శ్రుతి కుదిరింది, పాడండి మరి" అంది.

ఈ ఆదివారం ఇంటికెళ్ళాక మీ అటక మీద భద్రంగా చుట్టిపెట్టినవాటి కవర్లు ఒకసారి విప్పి చూడండి. విప్పేటప్పుడు కిటికీలు తెరిచి ఉంచండి, దీపం దూరంగా పెట్టండి. గోళ్ళరంగు సీసా పిల్లల గదిలోనే ఉండనివ్వండి.